కమ్మీ దగ్గర పుట్టినరోజులు

మొన్న ఆదివారం పొద్దున్నే, ఇంకా పళ్లు కూడా తోముకోలేదు, ఫోన్ టింగుమంది. మా చర్చి వాట్సాప్ గ్రూపు, మేం గుడి అనే అంటాం. ఇప్పటి మా పాస్టరు అయ్యగారు చిన్న వయసువారు, ముప్పై నాలుగేళ్లుంటాయేమో. సంఘంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఒక పోస్టరు తయారుచేసి గ్రూపులో పెట్టేస్తారు. నా ఫొటో చుట్టూ ఎర్ర బెలూన్లు, పక్కన గులాబీ, కింద ఒక వాక్యం. ఆ ఫొటో ఎక్కడ సంపాదించారో గానీ, ఎవరి పెళ్లిలోనో బిర్యానీ నములుతుండగా తీసింది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. దాని కింద నమస్కారాలు, కేకులు, "గాడ్ బ్లెస్ యూ ఆంటీ"లు వరసగా వచ్చి పడుతున్నాయి. కాసేపటికి నా ఒక్కదానికే విడిగా ఇంకో మెసేజి: "ఆంటీ, ఈ రోజు మీ కోసం ప్రత్యేకంగా ఏం ప్రార్థించమంటారు? ఒక్క లైను పంపండి చాలు." చదివి నవ్వాను. నవ్వయ్యాక ఫోన్ పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయాను. ఇంత మర్యాదగా, ముందుగా, నన్నే అడుగుతున్నారు చూడండి. ఈ ప్రశ్న నన్ను ఒక్కరైనా అడగడానికి ఒకప్పుడు పదకొండు పుట్టినరోజులు పట్టింది.

నేను చెప్పేది దాదాపు ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పటి మా అయ్యగారిది వేరే తీరు. మంచి మనిషి. కృష్ణా జిల్లా నుంచి వచ్చినవారు, ఆరడుగుల ఎత్తు. ఆరాధనలో తొడుక్కునే తెల్ల అంగీ ఆయనకి ఎప్పుడూ మడమల మీద జానెడు పైనే ఉండేది, ఎందుకంటే అంతకు ముందున్న పొట్టి అయ్యగారి కొలతలకి కుట్టించిన దాన్నే కమిటీవాళ్లు ఈయనకీ ఇచ్చారు. మాది ఆంగ్లికన్ మిషనరీల నాటి సంప్రదాయం. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు మోకరించాలో, ఎక్కడ "ఆమెన్" అనాలో అంతా ఆరాధన క్రమం పుస్తకంలో అచ్చువేసి ఉంటుంది, ఒక్క అక్షరం అటూ ఇటూ కదలదు. అందులో అయ్యగారికి సొంతంగా దొరికిన జాగా ఒక్కటే, ప్రసంగానికి ముందు చదివే ప్రకటనలు. ఆ జాగాలో ఆయన విజృంభించేవారు. వాటికి "సంఘ విశేషాలు" అని పేరు పెట్టుకున్నారు. ఎవరబ్బాయి ఇంటర్ గట్టెక్కాడు, ఎవరింట్లో పాపకి బాప్తిస్మం, ఎవరు మౌలాలిలో ఇల్లు మారారు, ఎవరి స్కూటరు పోయి మళ్లీ దొరికింది, ఎవరి కడుపులో రాయి ఎంత సైజుంది, అన్నీ మైకులో చెప్పాల్సిందే. ప్రసంగం పన్నెండు నిమిషాలైతే విశేషాలు ఇరవై అయిదు. "మనది ఒకటే కుటుంబం గదండీ, దాపరికం దేనికి?" అనేవారు. ఒక లెక్చరరుగారు తన మొలల ఆపరేషన్ సంగతి ఆయన చెవిలో వేసి, పేరు బయట పెట్టకుండా ప్రార్థించమని బతిమాలుకున్నారట. అయ్యగారు మాట తప్పే మనిషి కాదు. పేరు చెప్పకుండా, "కూర్చోలేని బాధలో ఉన్న మన సహోదరుడి కొరకు" అన్నారు. గుడిలో మూడొందల మంది కూర్చుని ఉన్నారు. వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నది ఆయనొక్కరే.

విశేషాల చివర్లో పుట్టినరోజులు వచ్చేవి. ఆ వారం పుట్టినవాళ్లందరూ లేచి ముందుకెళ్లి, ప్రభువు బల్ల ముందుండే చెక్క కమ్మీ దగ్గర మోకరించాలి. సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునేటప్పుడు కూడా అక్కడే మోకరిస్తాం. అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి, ఎవరికి ఏది అవసరమో అది మైకులో అడిగి ప్రార్థించేవారు, సంఘమంతా ఆమెన్ అనేది. ఎవరికి ఏది అవసరమో ఆయనకెలా తెలుస్తుందంటారా? సంఘ సెక్రటరీ చిన్న చిన్న చీటీలు రాసి ఇచ్చేవాడు. ఆ సెక్రటరీ మా అన్నయ్య. నా చీటీ మీద ఏటా ఒకటే మాట: "తగిన జోడు కొరకు."

మొదటిసారి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి గానీ, పెళ్లికి ఎదురుచూస్తున్న వయసే కాబట్టి సరిపెట్టుకున్నాను. అప్పటి ఆమెన్ కూడా మర్యాదగానే ఉండేది. ముప్పై దాటాక అందులో జాలి కలిసింది. ముప్పై అయిదుకి వచ్చేసరికి, ఆగిపోయిన సిటీ బస్సుని తోసేవాళ్లు "ఊ... అనండీ" అని అరుస్తారే, అలా అరిచేవాళ్లు మావాళ్లు. ఆరాధనయ్యాక మెట్ల దగ్గర స్త్రీల మైత్రి, అంటే మా సంఘంలో ఆడవాళ్ల సమాజం, వాళ్లు చుట్టుముట్టేవారు. "ఏమ్మా, ఏమన్నా కుదిరిందా?" "లాలాగూడ వర్క్‌షాపులో ఒకాయనున్నాడు, పాపం భార్య పోయింది, ఇద్దరే పిల్లలు." ఆ "ఇద్దరే" అన్నమాట ఎంత ప్రేమగా అనేవాళ్లో! నేనేమీ పెళ్లి వద్దని ఒట్టు పెట్టుకున్నదాన్ని కాదు. రెండు సంబంధాలు తప్పిపోయాయి, నాకు నచ్చిన ఒక్కటి వాళ్లకి నచ్చలేదు. తరవాత ఏ ఏడో సరిగ్గా చెప్పలేను గానీ, నేను ఎదురుచూడటం మానేశానని నాకే తెలిసింది. ఏడుపు కూడా రాలేదు. ఆ సంగతి దేవుడికి చెప్పుకున్నాను. సంఘానికి చెబుదామంటే మైకు నా చేతిలో లేదు.

మా అన్నయ్య గురించి ఇంతదాకా విని, దుర్మార్గుడేమో అనుకునేరు. కానే కాదు. నేను డిగ్రీలో ఉండగా నాన్న పోతే, నన్ను చదివించి యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఉద్యోగం వచ్చేదాకా వెంట నడిచింది వాడే. తార్నాకలో బస్సు వచ్చి నేనెక్కేదాకా స్టాపులో నిలబడేవాడు, నాకు ముప్పై ఏళ్లొచ్చాక కూడా. నాకొచ్చిన ఉత్తరాలు ముందు తనే విప్పి చదివేవాడు, చీరలు తనే ఎంచేవాడు, ఆఫీసు నుంచి ఇరవై నిమిషాలు ఆలస్యమైతే సెక్షన్‌కి ఫోన్ చేసేవాడు. అదంతా ప్రేమే, కాదనను. ఇల్లు రెండు పడగ్గదులది. ఒకటి అన్నయ్యావదినలది, ఒకటి పిల్లలది. నాకు హాల్లో దివాన్. అందరూ సీరియల్ చూసి లేచాకే నేను పడుకోవాలి, పాలవాడు రాకముందే లేచి దుప్పటి మడతపెట్టాలి. వదిన పుట్టింటివాళ్లు వస్తే నా పక్క వంటింట్లోకి మారేది. ఆ ఇంట్లో నేను ఒక్కసారీ ఏడవలేదు. ధైర్యవంతురాలినై కాదు, ఏడవటానికి చోటు లేక. ఒకసారి బాత్‌రూములోకి వెళ్లి ఏడుద్దామని కొళాయి తిప్పాను. రెండు నిమిషాలకే మేనల్లుడు తలుపు దడదడా బాదాడు: "అత్తా, నీళ్లు వేస్ట్ అవుతున్నాయంట, అమ్మ అరుస్తోంది!" కొళాయి కట్టేసి బయటికొచ్చి వాడికి టై కట్టాను.

నా ముప్పై ఎనిమిదో పుట్టినరోజున ఒక చిత్రం జరిగింది. లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే మామ్మగారు ఒకావిడ ఉండేవారు, ఎనభై రెండేళ్లు. ఆవిడా నేనూ ఒకే వారంలో పుట్టాం. ఆవిడ చీటీలో మోకాళ్ల నొప్పులు, నా చీటీలో మామూలే. అయ్యగారి కళ్లజోడు ఆ రోజు మరమ్మత్తుకి వెళ్లిందో ఏమో, చీటీలు తారుమారయ్యాయి. నా తల మీద చెయ్యి పెట్టి, "ప్రభువా, ఈ వయసులో ఈమె కీళ్లకి బలమివ్వు, చేతికర్ర అవసరం లేకుండా నడిపించు" అని గొంతెత్తి ప్రార్థించారు. సంఘంలో చిన్న గుసగుస. ఆయన ఆగలేదు. మామ్మగారి తెల్లటి జుట్టు మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్న ఈ బిడ్డకి తగిన జోడు దయచెయ్యి తండ్రీ, ఇక ఆలస్యం చేయవద్దు" అనేశారు. మామ్మగారు ఒక్కరే, "ఆమెన్!" అని గట్టిగా అని, తలెత్తి, "అంతా బాగానే ఉంది గానీ, ఆయనకి పెన్షనుందా అయ్యగారూ?" అని అడిగారు. ఇంకేముంది! బెంచీల మీద పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఉండగా ఒళ్లు మండిపోయింది. ఆవిడ మోకాళ్లయినా నా బతుకైనా ఈయనకి ఒకటేనన్నమాట, కాగితం మీద ఏముంటే అది చదువుతారు, వీళ్లంతా ఆమెన్ అంటారు!

ఆ సాయంత్రం అయ్యగారు, అమ్మగారు బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని మా ఇంటికొచ్చారు, క్షమాపణ చెప్పడానికి. చెప్పారు కూడా. "పొరపాటైపోయింది సెక్రటరీగారూ, మనసులో పెట్టుకోకండి" అని మా అన్నయ్యకి చెప్పారు. అన్నయ్య పెద్దమనసుతో క్షమించాడు. నేను టీ కప్పులు తెచ్చి ఇచ్చి, ఖాళీ కప్పులు తీసుకెళ్లాను. అయితే అయ్యగారికి మాత్రం ఆ తప్పు గట్టిగానే తగిలినట్టుంది. పై ఆదివారం నుంచి చీటీలు మానేశారు. కమ్మీ దగ్గర మోకరించినవాళ్ల మీదకి వంగి, మైకు వీపు వెనక్కి పెట్టుకుని, "ఏం ప్రార్థించమంటావు?" అని నెమ్మదిగా అడగటం మొదలుపెట్టారు. అందరూ పాత చీటీలో మాటలే చెప్పేవాళ్లు, మనుషులం కదా.

ఇక్కడ మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. పరీక్షల విభాగం అంటే పాత రిజిస్టర్ల వాసన, కిటికీ అవతల మార్కుల మెమోల కోసం పిల్లల క్యూ. మా సెక్షన్‌లో అటెండరు ఒకావిడ, వారాసిగూడ నుంచి వచ్చేది, నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అనేదాన్ని. ఆ చీటీలు తారుమారవడానికి ఆర్నెల్ల ముందు, ఒకరోజు మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తుంటే వచ్చి లేపింది. "ఏంది మేడం, రోజు గిట్లనే పండుకుంటున్నవ్? ఇంట్ల నిద్ర పోనియ్యరా?" అంది. నోరు జారి, "ఇంట్లో జాగా లేదక్కా" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. "మరి క్వార్టర్‌కు పెట్టుకోరాదు? ఒంటరి ఆడోళ్లకు గూడ ఇస్తరు. గాడ గుట్టలెనక ఖాలీ ఉన్నయి, నేను చూసిన." మర్నాడు ఫారం కూడా తనే పట్టుకొచ్చి, నేను సంతకం పెట్టేదాకా నా బల్ల దగ్గర్నుంచి కదల్లేదు. నాకదంతా తమాషాగానే ఉంది. పెట్టి మర్చిపోయాను. ఏడాదిన్నర తరవాత, నా ముప్పై తొమ్మిదో పుట్టినరోజు రెండు వారాల్లో ఉందనగా, ఆఫీసు చిరునామాకి ఉత్తరం వచ్చింది: నాకు క్వార్టర్ ఇచ్చారు, పదిహేను రోజుల్లోగా ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి, లేకపోతే వెయిటింగ్ లిస్టులో నా తరవాతి వాళ్లకి వెళ్లిపోతుంది.

అక్కని వెంటబెట్టుకుని చూసి వచ్చాను. యూనివర్సిటీ వెనక వైపు, పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య వరసగా పాతకాలం ఇళ్లు. ఒక గది, వంటిల్లు, ముందు చిన్న వరండా. నేల మీద ఎండు వేపాకులు, గోడ మీద ఎవరో పిల్లలు రాసిన ఎక్కాలు. అక్క బయట వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడుతోంది. నేను గది మధ్యలో నిలబడ్డాను. అటు నుంచి ఇటు ఎవరూ నడవలేదు. పక్కకి జరగమని ఎవరూ అనలేదు. అయిదు నిమిషాలు నిలబడ్డానేమో, ఆ అయిదు నిమిషాలకే ఆ గది నాకు కావాలనిపించింది, చిన్నపిల్లలు అంగట్లో బొమ్మ ముందు నేల మీద పడి దొర్లుతారే, అంత మొండిగా కావాలనిపించింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యకి చెప్పాను. వాడు ముందు నవ్వాడు. "క్వార్టరా? ఎవరికే?" అన్నాడు. నాకేనని చెప్పాక కంచంలో చెయ్యి ఆగింది. "ఆడపిల్లవి, ఒక్కదానివి, ఆ రాళ్లల్లో ఎలా ఉంటావు? పెళ్లి కాని చెల్లెల్ని ఇంట్లోంచి గెంటేశాడని సంఘంలో అనరూ? సెక్రటరీగా నేను తలెత్తుకుని తిరగాలా వద్దా?" అన్నాడు. వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీకు మేమేం తక్కువ చేశామని?" అంది. నిజానికి వాళ్లు తక్కువ ఏదీ చెయ్యలేదు. అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చి, ఉత్తరం మడిచి తన బైబిల్లో పెట్టి, బైబిలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. కోపంగా కాదు, నన్ను జాగ్రత్త పెడుతున్నట్టు వేశాడు.

మర్నాడు అక్కకి చెబితే నుదురు కొట్టుకుంది. "కాగితం బీర్వల ఉంటే ఏమాయె? ఆఫీసుల కాపీ ఉన్నది గద. నువ్వు పోయి సంతకం వెట్టు, అయిపాయె. చిన్నపిల్లవా?" అంది. నిజమే. నాకు అడ్డం ఉన్నది కాగితం కాదు. సంతకం పెట్టడానికి అరనిమిషం చాలు. నా భయమల్లా ఆ తరవాత వచ్చే ఆదివారం గురించే. వాకిట్లో పాటల పుస్తకాలు పంచుతూ అన్నయ్య నిలబడి ఉంటాడు, నేను వేరే దారిన ఒక్కదాన్నే వస్తాను, మూడొందల మంది ఇటూ అటూ చూస్తారు. అయ్యగారితో ముందుగా మాట్లాడదామని శుక్రవారం ఆయనింటికి వెళ్లాను. గేటు లోపల అన్నయ్య స్కూటరు ఉంది, కమిటీ మీటింగట. వెనక్కి తిరిగాను. ఎటు వెళ్లినా మా అన్నయ్య నాకంటే ముందే అక్కడ ఉండేవాడు. పుట్టినరోజు ఈ ఆదివారం, గడువు ఆ తరవాతి బుధవారంతో తీరిపోతుంది. మధ్యలో ఉన్నది రెండే రోజులు.

ఆదివారం పొద్దున వదిన సేమ్యా చేసింది. అన్నయ్య కొన్న నీలం చీర కట్టుకుని, వాడి స్కూటరు వెనకే కూర్చుని గుడికి వెళ్లాను. అయ్యగారు విశేషాలు చెబుతుంటే ఒక్కటీ చెవికెక్కలేదు. ఆ వారం పుట్టినరోజులు నలుగురివి. మామ్మగారు నా పక్కనే, నా భుజం ఆసరా చేసుకుని మోకరించారు. వరసలో నేను చివర. అయ్యగారు వంగి, మైకు వీపు వెనక్కి పెట్టుకున్నారు. "ఏం ప్రార్థించమంటావమ్మా? అదేనా?" అన్నారు.

ఆ "అదేనా" అన్న మాటకి నాలో ఏదో తెగింది. "కాదండీ" అన్నాను. ఆయన ఇంకొంచెం వంగారు. కమ్మీ వైపే చూస్తూ చెప్పాను. "నాకు యూనివర్సిటీలో క్వార్టర్ ఇచ్చారండీ. బుధవారంలోగా ఒప్పుకోవాలి. నేను వెళ్లి అక్కడ ఉంటాను. ఆ ఇంటి కోసం ప్రార్థించండి."

"అన్నయ్యకి తెలుసా?"

"తెలుసండీ."

"ఒప్పుకున్నాడా?"

"లేదండీ."

ఆయన చెయ్యి నా తల మీద ఉంది. కదల్లేదు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది, వెనక బెంచీల్లో దగ్గులు మొదలయ్యాయి. ఇంతసేపు ఏం మాట్లాడుతున్నారా అని మెడలు సాచి ఉంటారు. నేను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. అప్పుడు తట్టింది నాకు, ఈయన్ని ఎక్కడ ఇరికించానో. ఇంకో రెండు నెలల్లో అయ్యగారి గడువు అయిపోతుంది. ఇన్నాళ్లూ పొడిగిస్తూ వచ్చినట్టే ఇంకా ఉంచమని పైన బిషప్‌గారికి రాయాల్సింది కమిటీ, రాసేది సెక్రటరీ. ఆయన పెద్దమ్మాయి పదో తరగతిలో ఉంది, మధ్యలో బదిలీ అయితే పిల్ల చదువు చెడుతుంది. ఇవన్నీ సంఘ విశేషాల్లో ఆయనే చెప్పారు మాకు. సిగ్గేసింది. పాత ప్రార్థనే చేసేస్తారు, చేసినా తప్పు పట్టకూడదు అనుకున్నాను. లేచి, స్కూటరెక్కి, ఇంటికెళ్లి మిగిలిన సేమ్యా తినటమే అనుకున్నాను. అప్పుడు ఆయన మైకు ముందుకు తెచ్చారు.

"ప్రభువా, ఈ బిడ్డ కోసం మేము ఇన్నేళ్లుగా ఒకటే అడుగుతున్నాం. నీకేం కావాలని ఈమెని ఒక్కసారీ అడగలేదు. అడగనందుకు మమ్మల్ని క్షమించు" అన్నారు. "యూనివర్సిటీలో ఈమెకి నువ్వు ఒక ఇల్లు ఇచ్చావు. ఈమె అక్కడికి వెళ్తోంది. ఆ తలుపు తీసే చెయ్యీ వేసే చెయ్యీ ఈమెదే అయ్యేలా దీవించు."

ఎప్పుడూ ఒక్క గొంతుగా వచ్చే ఆమెన్ ఆ రోజు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మొదట మామ్మగారు అన్నారు. తరవాత ఆడవాళ్ల వైపు నుంచి నలుగురైదుగురు, ఆ తరవాత మగవాళ్లు. అన్నయ్య పక్క తలుపు దగ్గర, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి ఉన్నాడు. గుడిలో అందరికంటే గట్టిగా ఆమెన్ అనేది వాడే. ఇప్పుడు అందరి ఆమెన్‌లూ అయిపోయాయి, మూడొందల జతల కళ్లు వాడి మీదే ఉన్నాయి. తల తిప్పకుండా కంటి కొసల్లోంచి చూశాను. వాడి పెదాలు కదిలి ఆగాయి. మళ్లీ కదిలాయి. "ఆమెన్" అన్నాడు. మా సంప్రదాయంలో దేవుడి ముందు ఆమెన్ అన్నాక ఇంక వెనక్కి తీసుకోవడం ఉండదు. గెలిచానని సంతోషం వస్తుందనుకున్నాను, రాలేదు. వాణ్ణి నలుగురిలో మూలకి నెట్టాననిపించింది. అయినా మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఈలోగా అయ్యగారికి పాత ఊపు వచ్చేసింది. "విశేషాల్లో ఇంకొకటండీ. వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి ఆ ఇంటి ప్రతిష్ఠ. అందరూ రావాలి, స్త్రీల మైత్రి వారు టీ సంగతి చూసుకోవాలి" అని ప్రకటించేశారు. నేనింకా సంతకమే పెట్టలేదు మహాప్రభో!

ఇంటికి రాగానే అన్నయ్య బీరువా తీసి, ఉత్తరం బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్లిపోయాడు. "అంతమందిలో మీ అన్నయ్య పరువు తీశావు" అంది వదిన. "తీశాను వదినా. ఇంట్లో చెబితే మీరు వినలేదు" అన్నాను. అలా ఎదురు చెప్పటం నాకూ కొత్తే, ఆవిడకీ కొత్తే. తరవాత ఇద్దరం కలిసే అన్నం వార్చాం. సోమవారం సంతకం పెట్టి వస్తుంటే అక్క మెట్ల మీద ఎదురైంది. "గట్లుండాలె!" అని వీపు మీద ఒక్కటి చరిచింది, సాయంత్రం దాకా మండింది.

శనివారం ఆ ఒక్క గదిలోకి అరవై మంది వచ్చారు. చెప్పులు వరండా దాటి రోడ్డు మీదకి వెళ్లాయి, పిల్లలు బండరాళ్లెక్కి దిగనన్నారు, టీ చాలక రెండోసారి పాలు తెప్పించారు. ప్రతిష్ఠ అంటే ప్రతి గదిలోనూ ప్రార్థించాలి. ఉన్నదే ఒక గది కాబట్టి అయ్యగారు వంటింట్లోనూ వరండాలోనూ, చివరికి బాత్‌రూములో కూడా ప్రార్థించారు. అన్నయ్య వచ్చాడు. సెక్రటరీ కదా, రాక తప్పదు. కుర్చీలు వేయించాడు, అందరికీ మంచినీళ్లందించాడు, గడప మాత్రం దాటలేదు. అందరూ వెళ్లాక అయ్యగారు వెనకబడి, "మా పాస్టర్లకి ప్రతి ఊళ్లోనూ ఇంటి తాళం చెవి కమిటీవాళ్లే ఇస్తారమ్మా, వెళ్లేటప్పుడు కమిటీవాళ్లకే ఇచ్చేస్తాం. నీది నీ దగ్గరే ఉంచుకో" అని నవ్వారు. రెండు నెలలకి ఆయనకి బదిలీ అయింది. కమిటీ ఏం రాసిందో అన్నయ్య చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఒక్కటి అడగలేకపోయినందుకు ఇప్పటికీ నాకు బాధే.

ప్రతిష్ఠ తరవాత నెలన్నర పాటు అన్నయ్య నాతో మాట్లాడలేదు. గుడి వాకిట్లో పాటల పుస్తకం ఇచ్చేవాడు, మొహం మాత్రం నా వెనక వచ్చేవాళ్ల వైపు ఉండేది. నేను తీసుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఒక ఆదివారం సాయంత్రం వాన పడుతోంది. వరండాలో బట్టలు తీసి లోపల మడతపెట్టుకుంటుంటే తలుపు చప్పుడైంది. మెల్లగా, రెండే రెండుసార్లు. తీశాను. అన్నయ్య. సగం తడిసిపోయాడు, చేతిలో స్టీలు క్యారియర్. వదిన గుత్తివంకాయ పంపిందట. క్యారియర్ నా చేతికిచ్చాడు, ఇచ్చి వెళ్లిపోలేదు. గడప అవతలే నిలబడి, నా భుజం మీంచి గదిలోకి ఒకసారి చూసి, తల దించుకుని, "లోపలికి రావచ్చా?" అన్నాడు. నేను పుట్టినప్పటి నుంచి నన్ను ఎరిగినవాడు, నా ఉత్తరాలు చదివినవాడు, నేను నిద్రపోతుంటే నా పక్క మీదుగా నడిచి మంచినీళ్లకి వెళ్లినవాడు. నన్ను అడిగి రావడం అదే మొదలు. "రా అన్నయ్యా" అన్నాను, పక్కకి తప్పుకుని. తార్నాకలో వాడింటి నుంచి ఆ గడప దాకా నడిస్తే ఇరవై నిమిషాలు. నాకు ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది.